పాపికొండల ఫోటోలో ఊళ్ళు ఏవి?

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ పత్రికలో పాపికొండల ఫోటో పేజీ సగం నిండేలా వేశారు. రెండు పక్కలా కొండలు, మధ్యలో గోదారి, పైన పొద్దుటి మంచు. కింద 'ప్రకృతి ఒడిలో పాపికొండలు' అని ఒక్క ముక్క రాశారు. ఫోటో బాగుంది, తీసినవాళ్ళకి చెయ్యి తిరిగిందని చూడగానే తెలుస్తోంది. నాకు నచ్చలేదని రాయడం లేదు. అది ఏ ఊరి దగ్గర తీశారో లేదు, ఏ నెలలో తీశారో లేదు, ఆ ఒడ్డున ఎవరైనా ఉంటారన్న జాడే లేదు. మీ ఒక్కరనే కాదు, పదేళ్ళుగా పాపికొండల ఫోటో ఎక్కడ చూసినా ఇంతే, క్యాలెండర్లోనైనా, హోటల్ గోడ మీదైనా, వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మలోనైనా. కొండ, నీళ్ళు, మంచు, మహా అయితే ఒక బోటు. అక్కడ ఊళ్ళున్నాయండీ, చాలా ఊళ్ళు ఉండేవి కూడా. వాటి గురించే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదవమని మనవి.

నేను రాజమండ్రిలో ఫోటో స్టూడియో నడుపుతున్నాను. 1991లో పెట్టాను. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, పాస్‌పోర్టు ఫోటోలు, వీటి మీదే బతికాం. సీజన్ లేని రోజుల్లో మాత్రం కెమెరా సంచీ తగిలించుకుని గోదారి మీదికి పోయేవాణ్ణి. పట్టిసీమ, పోలవరం, దేవీపట్నం, అక్కడి నుంచి లాంచీ దొరికితే పేరంటపల్లి దాకా. పాపిడి తీసినట్టు కొండలు రెండుగా విడిపోయి మధ్యలోంచి నది వస్తుంది కాబట్టి పాపిడికొండలన్నారని, అదే పాపికొండలైందని మా వైపు చెబుతారు. ఆ పాపిడిలోకి లాంచీ తిరిగే చోట ఎండ ఒక్కసారిగా పోయి చల్లగా అవుతుంది. లోయ ఇరుకు, ఎండ ఆలస్యంగా దిగి త్వరగా పైకెళ్ళిపోతుంది. అందుకని ఫోటోలకి దొరికే టైము తక్కువ. రీలుకి ముప్ఫై ఆరు ఫోటోలు, ఇంజను అదురుకి ట్రైపాడ్ పనిచెయ్యదు, రెయిలింగుకి మోచేతులు ఆనించి ఊపిరి బిగబట్టి తీసేవాళ్ళం. ఒక్కో ఫోటోకి అంత ఆలోచించి తీశాను గనక నా ఫోటోలు మంచివని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను.

ఆ మాట మీద నాకు అనుమానం వచ్చిన రోజు చెబుతాను.

పోలవరం ప్రాజెక్టు ముంపు వల్ల దేవీపట్నం నుంచి లేచి వచ్చినవాళ్ళున్న ఒక పునరావాస కాలనీకి మూడేళ్ళ కిందట ఒక ఇంట్లో ఫంక్షన్ ఉంటే పనికి వెళ్ళాను. పని అయ్యాక భోజనాల దగ్గర మాటల్లో, మీ ఊరి ఫోటోలు నా దగ్గర ఉన్నాయండీ, 1998 నుంచి తీశాను అన్నాను. ఆ ఇంటి వాళ్ళంతా ఒక్కసారి నా చుట్టూ చేరారు. తరవాతి వారం ఇరవై ఫోటోలు పెద్ద సైజులో ప్రింటు వేయించి పట్టుకెళ్ళాను. కాలనీలో సగం మంది వచ్చారు. ఒక పెద్దావిడ, డెబ్భై దాటి ఉంటాయి, ఒక్కో ఫోటోని కంటికి దగ్గరగా పెట్టుకుని చూస్తూ పోయింది. అన్నీ చూసేసి నా వైపు తిరిగి, "మా ఇల్లేదీ బాబూ?" అంది.

"ఇందులో రాలేదమ్మా, ఇది నది వైపు తీసింది" అన్నాను.

"రేవులో నిలబడే తీశావు గదా. అటు తిరిగావు. ఇటు తిరిగుంటే మా అరుగు కనబడేది" అంది.

కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పిందంతే. నేను ఇంటికొచ్చి నా నెగెటివ్‌లన్నీ బయటికి తీశాను. దేవీపట్నంలో పదకొండు రీళ్ళు తీశాను, అంటే దాదాపు నాలుగువందల ఫోటోలు. వీధి కనబడేవి తొమ్మిది. తొమ్మిదంటే తొమ్మిదే. మిగతావన్నీ నదికేసి. కరెంటు స్తంభం అడ్డొస్తే రెండడుగులు పక్కకి జరిగాను, బట్టలారేసిన తీగ వస్తే వంగి తీశాను, ఎవరైనా నడిచొస్తుంటే పోయేదాకా ఆగాను. మంచి ల్యాండ్‌స్కేప్ అంటే అలాగే తీయాలని మాకు నేర్పారు, మేమూ కుర్రాళ్ళకి అలాగే నేర్పాం. ఇప్పుడా ఊరు లేదు. నేను ఏవి రాకుండా జాగ్రత్తపడ్డానో ఆ మనుషులు నన్ను అడిగేవి అవే.

ప్రాజెక్టు మంచిదా చెడ్డదా అనే వాదన ఇక్కడ పెట్టడం లేదు. పోలవరం నీళ్ళ కోసం ఎదురుచూసే రైతులు మా బంధువుల్లోనే ఉన్నారు. జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు, పాత లెక్కలో 150 అడుగులు. ఆ మట్టానికి నీళ్ళు నిలబెడితే 370కి పైగా ఆవాసాలు ముంపులోకి వస్తాయి, లక్షకి పైగా కుటుంబాలు కదలాలి. 2014లో తెలంగాణ నుంచి మండలాలు ఆంధ్రలో కలిపింది కూడా ఈ ముంపు కోసమే గదా, కూనవరం, వీఆర్‌పురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు అలాగే వచ్చాయి. 2021 జూన్ 11న గోదారి ప్రవాహాన్ని స్పిల్‌వే మీదికి మళ్ళించారు. కాఫర్ డ్యాం, అంటే నదికి అడ్డంగా వేసిన తాత్కాలిక కట్ట, దాని వెనక నీళ్ళు ఎగదన్నుతుంటే దేవీపట్నం వాళ్ళు వరదకి వరదకి సామాన్లు సర్దుకుని చివరికి ఊరు విడిచారు. పైనున్న ఊళ్ళలో ఇంకా మనుషులున్నారు. ఫోటో తీసేవాళ్ళకి మిగిలిన టైము ఎంత అన్నది ఈ లెక్కలు చూస్తే అర్థమవుతుంది.

మన దగ్గర ఇది మొదటిసారి కూడా కాదు. నాగార్జునకొండ లోయ తీసుకోండి. 1926లో అక్కడ శిథిలాలున్నాయని బయటపడింది, 1927 నుంచి పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వించారు, 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేసే నాటికే పురావస్తు శాఖ వాళ్ళు ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో లోయంతా తవ్వడం మొదలుపెట్టారు. 1954 నుంచి 1960 దాకా ఆరేళ్ళు నీళ్ళతో పోటీపడి పనిచేశారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, స్తూపాలు, విహారాలు, మెట్ల మీద కూర్చుని చూసే ఆ రంగస్థలం, అన్నీ కొలతలతో, ఫోటోలతో రికార్డయ్యాయి. ఆ పని జరిగింది కాబట్టే అనుపులో కొన్నిటిని మళ్ళీ నిలబెట్టగలిగారు, కొండ మీద మ్యూజియం పెట్టగలిగారు. లోయ పోయినా లోయ ఎలా ఉండేదో ఇవాళ పిల్లలకి చూపించగలుగుతున్నాం. ఎంత గొప్ప పనో చెప్పలేను. కానీ అదే లోయలో అప్పుడు బతికిన ఊళ్ళున్నాయి, పుల్లారెడ్డిగూడెం లాంటివి. పదిహేడు వందల ఏళ్ళ కిందటి స్నానఘట్టం రాళ్ళు ఫోటోల్లో చూశాను గానీ, ఆ తవ్వకాల నాటికి అక్కడ కాపురముంటున్నవాళ్ళ వాకిలి ఫోటో నాకు ఎక్కడా కనబడలేదు.

శ్రీశైలం జలాశయం వచ్చినప్పుడు కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పదీసి అలంపూర్ తీసుకొచ్చి కట్టారు. ఇంకో పక్క సప్తనదుల సంగమేశ్వరం గుడి ఏటా మునుగుతుంది, వేసవి ముందు నీళ్ళు తగ్గాక బయటికొస్తుంది. ఆ గుడి శిఖరం నీళ్ళలోంచి తేలుతున్న ఫోటో ఏటా పత్రికల్లో వస్తుంది, మీరూ వేస్తారు. గుళ్ళకి ఆ అదృష్టం ఉంది. మట్టిగోడల ఇల్లు ఒక్కసారి మునిగితే రెండోసారి పైకి రాదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ తొమ్మిది ఫోటోలు చూసుకుని బాధపడుతుంటే మా ఆవిడ ఒక మాట అంది: "నదికెళ్ళి తీసినవి వదిలెయ్యండి, ఆ ఊళ్ళలో పెళ్ళిళ్ళు తీశారు గదా, అవేమయ్యాయి?"

నిజమే. ముప్ఫై ఏళ్ళలో ఆ లోయలో నేనే నలభైకి తక్కువ కాకుండా పెళ్ళిళ్ళు తీశాను. నాలాంటి ఫోటోగ్రాఫర్లు రాజమండ్రి నుంచి, గోకవరం నుంచి, కొవ్వూరు నుంచి, పైన భద్రాచలం నుంచి ఎంతమంది వెళ్ళి ఉంటారు? అటక మీది పెట్టెలు దించి నెగెటివ్‌లు ఒక్కొక్కటే లైటు మీద పెట్టి చూడటం మొదలుపెట్టాను. ఈసారి పెళ్ళికొడుకుని, పెళ్ళికూతుర్ని చూడలేదు. వాళ్ళ వెనక చూశాను.

ఊరంతా అక్కడ ఉంది. ఊరేగింపు ఫోటోలో ట్రాక్టరు వెనక వీధి మొత్తం, పెంకుటిళ్ళు, తాటాకు పాకలు, గోడల మీద ఎన్నికల రాతలు. పందిరి కింద భోజనాల బంతి వెనక చేదబావి, దాని గిలక. పెళ్ళికూతుర్ని పడవెక్కించి పంపుతున్న ఫోటోలో రేవు మెట్లు, మెట్ల పక్కన వల ఆరబెట్టిన వాసాలు. ఒకదాంట్లో కిరాణా కొట్టు బోర్డు మీద ఊరి పేరు కూడా చదవొచ్చు. ఫ్లాష్ పడి ముందు మనుషులు వెలిగిపోతుంటే వెనక ఊరు కొంచెం చీకట్లో ఉంది, అయినా స్కాన్ చేసి వెలుతురు పెంచితే బయటికి వస్తోంది. నేను ల్యాండ్‌స్కేప్ అనుకుని తీసిన నాలుగువందల్లో లేని దేవీపట్నం, డబ్బుల కోసం తీసిన పెళ్ళి ఫోటోల వెనకాల ఉంది. ఈ ఉత్తరంలో నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇదే. ఆ లోయ ఫోటోలు పోలేదు, వాళ్ళ వాళ్ళ పెళ్ళి ఆల్బమ్‌లలో ఉన్నాయి, కొన్ని మా స్టూడియోల అటకల మీద బూజు పట్టిపోతున్నాయి.

బూజు అని ఊరికే అనడం లేదు. గోదారి గాలికి నెగెటివ్‌లు నిలవవు. తెల్లటి నరాల్లా ఫంగస్ పాకి, ఫిల్ము మీద బొమ్మ ఉండే పూతని (ఎమల్షన్) తినేస్తుంది. నా పెట్టెల్లో పాతిక శాతం అలా పోయాయి. చాలామంది స్టూడియోవాళ్ళు డిజిటల్ వచ్చాక జాగా లేదని పాత నెగెటివ్‌లు పారేశారు, కొందరు పోగేసి తగలబెట్టారు కూడా. వాళ్ళని తప్పుపట్టను, అద్దె కొట్లలో ఎక్కడ పెట్టుకుంటారు. ఇంకా ఉన్నవాళ్ళు మాత్రం దయచేసి పారేయకండి. గాలి చొరని డబ్బాలో, మందు సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేసి మూతపెట్టండి. స్కానర్ లేకపోయినా పర్వాలేదు, సెల్‌ఫోన్ తెర నిండా తెల్లటి బొమ్మ వెలిగేలా పెట్టి, దాని మీద ఒక మందపాటి గాజుపలక, దాని మీద నెగెటివ్ ఆనించి, ఇంకో ఫోనుతో నిటారుగా పైనుంచి తీసినా ఊరు గుర్తుపట్టేంత వస్తుంది. గాజుపలక పెట్టకపోతే ఫోను తెర చుక్కలు ఫోటోలోకి వస్తాయి, అది గుర్తుంచుకోండి.

ఇక వరద. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదారి 71.3 అడుగులకి వచ్చింది. 1986లో 75.6 అడుగులు వచ్చింది, ఆ తరవాత అన్నిటికంటే ఎక్కువ నీరు వచ్చింది ఈ 2022లోనే. ఆ వరదకి కూనవరం, వీఆర్‌పురం వైపు జనం కొండలెక్కి టార్పాలిన్లు కట్టుకున్నారు. నీళ్ళు తీశాక ఒక కుర్రాడు వీఆర్‌పురం మండలం నుంచి నా కొట్టుకి ఒక ఆల్బమ్ తెచ్చాడు, వాళ్ళ అమ్మానాన్నల పెళ్ళిది. బురద ఆరి ఇటుకలా అయిపోయింది. అప్పటికే రెండు ఫోటోలు లాగి చూశాడట, మొహాలు ఊడొచ్చాయి. దాన్ని పళ్ళెంలో చల్లటి మంచినీళ్ళు పోసి నానబెట్టాం. గంట తరవాత మూల కొంచెం కదిలింది. లాగకుండా, నీళ్ళే వాటి మధ్యకి వెళ్ళేలా వేలితో చిన్నగా తడుతూ, ఒక్కొక్కటీ విడదీసి, బొమ్మ వైపు పైకి పెట్టి నీడలో గుడ్డ మీద ఆరబెట్టాం. రెండు రోజులు పట్టింది. అరవై పైచిలుకు ఫోటోల్లో ముప్ఫై నాలుగు దక్కాయి. అందులో ఒకటి వాళ్ళ తాత ఇంటి ముందు తీసింది, ఇంటి పక్కన జీలుగు చెట్టు. ఆ చెట్టు చూడగానే కుర్రాడు, "ఇది మా తాత కల్లు గీసిన చెట్టండీ" అన్నాడు.

జీలుగు కల్లు అక్కడ కొండరెడ్లకి, కోయవాళ్ళకి తాగే కల్లు మాత్రమే కాదు, ఎండాకాలం కడుపు నిలబెట్టేది. ఆ కల్లు మీద పన్ను వెయ్యడం కూడా బ్రిటిషువాళ్ళ మీద 1879లో జరిగిన రంప తిరుగుబాటుకి ఒక కారణం. చరిత్ర పుస్తకంలో ఒక వాక్యంగా చదువుకున్నది ఆ తడి ఫోటో అంచున ఒక చెట్టుగా నిలబడి ఉంది. మనలాంటి ఫోటోగ్రాఫర్లం ఆ చెట్టు ఫ్రేములో అడ్డమని కత్తిరించేవాళ్ళం. కొండ వాలు మీద పచ్చదనం మధ్య చదరంగా లేతగా కనబడే చోటు పోడు కొట్టిన భూమి, అది కూడా అక్కడ ఎవరో పండించుకు తిన్నారని చెప్పే గుర్తు. మా వాళ్ళు దాన్ని కంప్యూటర్లో ముదురాకుపచ్చ పూసి కలిపేస్తున్నారు.

ఒకసారి ఒక ఫోటోల పోటీకి నేను పేరంటపల్లి ఫోటో పంపాను. ఒడ్డు, వెదురుతో చేసిన పూలు అమ్ముకునే ఆడవాళ్ళు, పైన ఆశ్రమానికి వెళ్ళే మెట్లు, ఒక కరెంటు స్తంభం. ఎంపికైంది గానీ ఆ స్తంభం, తీగలు తీసేసి మళ్ళీ పంపమన్నారు. ఎవరనేది వదిలేయండి. నేను పంపలేదు. ఆ ఊళ్ళో ఆ స్తంభం కోసం జనం ఎన్నేళ్ళు తిరిగారో నాకు తెలుసు, వైరు మీద బల్బు వెలిగిన రోజు పిల్లలు ఎలా గంతులేశారో వాళ్ళు నాకు చెప్పారు. పెద్ద పెద్ద బహుమతులొచ్చే ఫోటోల్లో ఇలా ఎన్ని స్తంభాలు, ఎన్ని పాకలు, ఎందరు మనుషులు మాయమయ్యారో. ఇప్పుడైతే ఫోనులో వేలితో గీస్తే చాలు ఇల్లు పోతుంది, ఇంకోసారి గీస్తే ఆకాశం మారుతుంది. నీళ్ళు వచ్చి ముంచేలోగా మనమే ఆ ఊళ్ళని చెరిపేస్తున్నాం. ఈ మాట ఘాటుగా ఉంటే మన్నించండి, నాకు మాత్రం అలాగే ఉంది.

కుర్రాళ్ళు చాలామంది ఇప్పుడు డ్రోన్లతో వస్తున్నారు. అనుమతులు తీసుకుని ఎగరేస్తే వద్దనను, అది జాతీయ పార్కు కూడా, 2008 నుంచి. పైనుంచి నది వంపు ఎలా తిరిగిందో చూడటం నాకూ ఇష్టమే. కానీ పైనుంచి ఎంత తీసినా ఆ పెద్దావిడ అరుగు రాదు. కిందికి దిగి, ఒడ్డున నిలబడి, ముందు నది తీసుకోండి, తరవాత వెనక్కి తిరిగి ఊరు తీసుకోండి. రెండూ ఒకే చోట నిలబడి. ఆ చోటు గుర్తుపెట్టుకుని, రాయో చెట్టో మెట్టో ఏదో ఒకటి ఆనవాలుగా పెట్టుకుని, మళ్ళీ ఏడాది అదే నెలలో అక్కడే నిలబడి తీయండి. నేను ఒక రేవు మెట్లని అలా ఆరేళ్ళు తీశాను. మొదటి ఫోటోలో పద్నాలుగు మెట్లు పైకి కనబడుతున్నాయి, ఆరోదాంట్లో మూడు. ఆ ఆరు ఫోటోలు పక్కపక్కన పెడితే ఎవరూ ఏమీ వివరించక్కర్లేదు. కొండ అంచు ప్రతిదాంట్లోనూ అదే, మంచు అదే, మెట్లు మాత్రం తగ్గిపోతున్నాయి.

కొల్లూరు, పేరంటపల్లి, కొయిద, ఎగువన శ్రీరామగిరి, పోచవరం, శబరి వచ్చి గోదారిలో కలిసే కూనవరం. ఈ ఒడ్డున ఏ ఊరికి వెళ్ళినా అక్కడివాళ్ళని అడిగి తీయండి. పేరు అడగండి, చోటు పేరు అడగండి. గ్రామం పేరు ఒకటే కాదు, ఒక్కో రేవుకి, ఒక్కో బండకి, ఒక్కో సుడికి పేర్లున్నాయి, అవి ఏ మ్యాపులోనూ లేవు. ఇంకో మాట, ఇది చెప్పకుండా ఉండలేను. బోటు మీద ఫోటో కోసం అందరూ ఒక పక్కకి చేరొద్దు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర జరిగిన బోటు ప్రమాదాన్ని మా ఊరు ఇంకా మర్చిపోలేదు. లైఫ్ జాకెట్ ఫోటోలో బాగోదని విప్పేవాళ్ళని నేను కళ్ళారా చూశాను. విప్పకండి.

ఇప్పుడు మీకు నా విన్నపం. మీ పత్రిక ప్రతి ఊరికీ వెళ్తుంది, ఆ కాలనీలకీ వెళ్తుంది. వారానికి ఒక పావు పేజీ ఇవ్వండి. ముంపు ఊళ్ళ వాళ్ళని తమ పాత ఫోటోలు పంపమనండి, పెళ్ళివి, బడిలో తీసినవి, రేషన్ కార్డు కోసం ఇంటి ముందు నిలబడి తీయించుకున్నవి, ఏవైనా. మనుషుల కోసం కాకుండా వాళ్ళ వెనకున్న దాని కోసం చూడమని చెప్పండి. వచ్చిన ఫోటోని చతురస్రంగా కత్తిరించకండి, అంచులతో సహా వేయండి, ఎందుకంటే కావలసింది ఎప్పుడూ అంచుల్లోనే ఉంటోంది. కింద ఊరి పేరు, చోటు పేరు, నెల, ఏడాది, తీసినవాళ్ళు చెప్పినట్టు కాకుండా ఆ ఊరివాళ్ళు చెప్పినట్టు రాయండి. మళ్ళీ పాపికొండల ఫోటో వేసేటప్పుడు కూడా 'ప్రకృతి ఒడి' బదులు ఎక్కడ, ఎప్పుడు అన్నది ఒక లైను పెట్టండి. ఖర్చయ్యే పని కాదు. అసలు ఫోటోలు ఎవరి దగ్గరా ఉంచేసుకోకుండా కాపీ తీసుకుని వెనక్కి ఇచ్చేయాలి, వాళ్ళకి మిగిలింది అవే. స్కానింగ్ పని నా కొట్టులో ఉచితంగా చేసి పెడతాను, నాలాంటివాళ్ళు ఇంకో నలుగురు ఒప్పుకున్నారు.

ఆ పెద్దావిడ సంగతి చెప్పి ముగిస్తాను. తొమ్మిది ఫోటోల్లో ఒకదాన్ని ప్రింటు వేసేటప్పుడు ఎడమ వైపు నేనే కత్తిరించాను, ఏదో పెంకుల కప్పు, వేపకొమ్మ అడ్డొచ్చిందని. నెగెటివ్‌లో అది ఉంది. ఈసారి కత్తిరించకుండా మొత్తం వేయించి తీసుకెళ్ళాను. కప్పు కింద సగం అరుగు, అరుగు మీద బోర్లించిన ఇత్తడి బిందె. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత బిందె మీద వేలు పెట్టి, "ఇది మా అత్తగారిది" అంది. ఇల్లు ఆవిడదేనట, కొమ్మ పక్కింటి వేప చెట్టుదట. ఫోటో వెనక 'దేవీపట్నం రేవు, 1998 డిసెంబరు' అని నేను రాసింది మనవరాలి చేత చదివించుకుని, తప్పు అంది. అది పెద్ద రేవు కాదట, గేదెల్ని కడిగే రేవట. పెద్ద రేవు ఇంకా కిందికి ఉంటుందట.

ఆ ఫోటో ఈ ఉత్తరంతో పంపుతున్నాను. వేస్తే, కింద 'దేవీపట్నం, గేదెల రేవు, 1998 డిసెంబరు' అని వేయండి.

ఇట్లు
మీ పాఠకుడు, ఒక స్టూడియో ఫోటోగ్రాఫర్
రాజమహేంద్రవరం